చదువు ముగించు బిడ్డల ఛాయాచిత్రములు

పోయిన సంవత్సరము కార్తికమాసములో అమెరికానుండి మా అక్కయ్య పంపిన ఛాయాచిత్ర మొకటి మా ఇంటికి చేరినది. న్యూజెర్సీ రాష్ట్రమునందు పండ్రెండవ తరగతి చదువుచుండిన ఆమె కుమార్తె పటమది. నల్లని మఖమలు వస్త్రమును భుజములు కొంచెము కనబడునట్లు చుట్టుకొని, మెడలో సన్నని ముత్యాలపేరుతో, తల ఒకింత ప్రక్కకు వాల్చి బిడ్డ కూర్చుండి యున్నది. పటము చాల అందముగా నుండెను. మా అమ్మగారు కన్నులజోడు సవరించుకొని చూచి, "ఎవరే ఈ పిల్ల? దొరసానివలె నున్నదే!" అనిరి. మనుమరాలని చెప్పినమీదట మఱల చూచి, "ఔను, అదే. ఎంత తెల్లబడినదే తల్లీ!" అని సంతోషించిరి. మాకు మాత్రము ఏదియో వెలితిగా తోచినది. కొంతసేపు పరికింపగా తెలిసినది. ఎడమకంటి క్రింద నుండవలసిన పుట్టుమచ్చ లేదు. ఐదేండ్ల ప్రాయమున మా ఊరికి వచ్చినప్పుడు నూతిగట్టువద్ద జాఱిపడగా కుడి కనుబొమలో పడిన గాటును లేదు. ఒడలి చామనచాయ పోయి, ఏదియో పాలమీగడ వన్నె వచ్చియున్నది.

ఆ రాత్రి అక్కయ్యతో ఫోనులో మాటలాడినప్పుడు సంగతి బయటపడినది. పటములకు సొమ్ము కట్టించుకొను పత్రములో టచింగు అను శీర్షిక క్రింద మూడు తరగతు లుండెనట: ఏమియు చేయకుండుట, కొలదిగా చేయుట, సంపూర్ణముగా చేయుట. సంపూర్ణమనగా మంచిదే గదా యని అక్కయ్య మూడవదానికి గుర్తు పెట్టినది. ఏమేమి చేయుదురో పత్రమున వివరింపబడలేదు, ఆమెయు అడుగలేదు. పటము లింటికి వచ్చిననాడు బిడ్డ కవరు విప్పి చూచి, "అమ్మా, నన్నిట్లు చేయుమని నీవే చెప్పితివా?" అని అడిగినదట. అక్కయ్య ఔననలేకపోయెను, కాదనలేకపోయెను. గుర్తు పెట్టినది తానే గదా! ఆ పిల్ల రెండు దినములు తల్లితో సరిగా మాటలాడలేదట. "నా కూతురు నల్లగా నున్నదని నేనెన్నడైన అంటినా, చెల్లీ?" అని అక్కయ్య మమ్ము అడిగి కంట తడిపెట్టినది. మేమేమి చెప్పగలము? మన ఇండ్లలో ఆ మాట ఎవరును అనకయే పిల్లలకు వినబడుచుండును.

ఈ వ్యాసము వ్రాయుటకు ఆనాటి సంభాషణయే కారణము. మన బిడ్డలు, మన తోబుట్టువుల బిడ్డలు అనేకులు నేడు అమెరికాలో చదువుకొనుచున్నారు. వారి పటములు మన గోడలకు వచ్చుచున్నవి. అవి ఎట్లు తీయబడునో, తీసిన పిదప వానిపై ఎవరి చేయి ఎంతవఱకు పడునో తెలిసికొనుట మంచిదని, మా ఇంటివారి సాయముతో కొంత చదివి, ఆ పని యెఱిగినవారిని కొంత అడిగి తెలిసికొన్నదానిని సోదరీమణుల ముందుంచుచున్నాము.

అమెరికాలో తొమ్మిదవ తరగతినుండి పండ్రెండవ తరగతివఱకు గల నాలుగేండ్ల చదువును హైస్కూలందురు. చివరియేటివారికి సీనియరులని పేరు. ఆ యేడు మొదలగుటకు ముందు వేసవి సెలవులలోనో, ఆకులు రాలు కాలములోనో వారు పటములు తీయించుకొందురు. పాఠశాలవారు ఒక స్టూడియోతో ఒడంబడిక చేసికొనుట వాడుక. పాఠశాల యేటేట ప్రచురించు ఇయర్‌బుక్ అను సంపుటములో ఈ పటములు పేర్ల వరుసను అచ్చగును. అందఱును ఒకే తీరున కనబడుటకై అనేక పాఠశాలలలో బాలికలకు నల్లని వస్త్రమును, బాలురకు నల్లకోటును స్టూడియోవారే ఇత్తురు. ఇది గాక, ఇష్టమున్నవారు వేఱుగా సొమ్మిచ్చి తోటలలోను ఏటిగట్టులపైనను, తాము వాయించు వయొలినుతోనో ఆడు బంతితోనో పెంచుకొను కుక్కతోనో తీయించుకొందురు. చిన్న ప్రతుల వెనుక నాలుగు మాటలు వ్రాసి స్నేహితులు ఒకరికొక రిచ్చుకొనుట చాలకాలము ఆచారముగా నుండెను. పెద్ద ప్రతి ఇంటిగోడకు పోవును. మే, జూను మాసములలో పట్టాలిచ్చు ఉత్సవము కాగానే అనేకులు పైచదువులకై పరస్థలములకు వెడలుదురు గాన, ఇల్లు విడుచుటకు ముందు తల్లికి మిగులు బిడ్డరూప మిదియే. మన పిల్లలును పదవ తరగతి ముగియునప్పుడు బడి వరండాలో బల్లలమీద వరుసలుగా నిలిచి, ముందు కుర్చీలలో ఉపాధ్యాయులు కూర్చుండగా పటము తీయించుకొందురు గదా. కాని అందులో ఒక్కొక్క ముఖము ఆవగింజంత. (మా ఇంటివారు అట్టి పటములు పండ్రెండింటిలో ముందువరుసను కూర్చుండి యున్నారు. సగమునకు పైగా కన్నులు మూసికొనియే యున్నారు.)

ఈ ఆచారము నేటిది కాదు. బోస్టన్ ప్రాంతమున నుండిన జార్జి కెండాల్ వారెన్ అను ఛాయాగ్రాహకుడు 1860ల దశాబ్దిలో హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ మొదలగు కళాశాలల చివరితరగతి విద్యార్థులకు విడివిడిగా పటములు తీసెడివాడు. వారు వానిని ఒకరితో నొకరు మార్చుకొని సంపుటములుగా కూర్చుకొనెడివారు.

ముఖమునకు మెరుగుదిద్దుట యింకను పాతది. మ్యూనిక్ నగరవాసియైన ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగ్ల్ 1855లో ప్యారిస్ మహాప్రదర్శనమున ఒకే పటమును దిద్దినదానిని, దిద్దనిదానిని ప్రక్కప్రక్కన నుంచి చూపరులను ఆశ్చర్యపఱచెనని చెప్పుదురు. గాజుపలకల కాలమున ఆ పని చేయు తీరు వినదగినది. పలకమీద వెలుగునీడలు తాఱుమాఱుగా నుండును. తెల్లనిది నల్లగాను, నల్లనిది స్వచ్ఛమైన గాజుగాను కనబడును. ముఖముపై నల్లచుక్క యున్నచోట గాజు స్వచ్ఛముగా నుండి, వెలుతురు ధారాళముగా దిగుటవలన కాగితముమీద నల్లచుక్కయే పడును. ఆ చోటును సూదివలె చెక్కిన పెన్సిలుతో పూడ్చినయెడల వెలుతురు ఆగి, కాగితముమీద చుక్క మాయమగును. నున్నని పలకపై పెన్సిలు పట్టదు గాన ముందుగా జిగురును టర్పెంటైనులో కరిగించిన పూతను పలుచగా రుద్దుదురు. వాలుబల్లపై పలకను నిలిపి, క్రిందనుండి అద్దముచే వెలుతురును పంపి, భూతద్దముతో చూచుచు సన్నసన్న చుక్కలను, కొక్కెములవంటి గీతలను పెట్టుదురు. తెల్లబఱుపవలసినచోట పెన్సిలు, నల్లబఱుపవలసినచోట కత్తి. కత్తితో గీకినచో పైపొర లేచిపోయి వెలుతురు హెచ్చుగా దిగును. పెన్సిలు గీత నచ్చకున్న తుడువవచ్చును. కత్తి గీసినది మఱల రాదు. ఐరోపా, అమెరికా స్టూడియోలలో ఈ పని చేసినవారిలో అనేకులు స్త్రీలు. సూదిపని నేర్చిన చేతులకు అది సులభముగా పట్టువడునని మాకు తోచును.

అంత దిద్దుబాటు ఏల కావలసివచ్చెనని అడుగుదురేమో. దోషము ముఖమునందు కంటె పలకయందే హెచ్చుగా నుండెను. తొలినాటి పలకలు నీలివెలుగును బాగుగా గ్రహించి ఎఱ్ఱవెలుగును గ్రహింపలేకుండెడివి. ఎఱ్ఱని మొటిమ, తెల్లజాతివారి ముఖములపై నుండు రాగివన్నె చుక్కలు, ఇవన్నియు పటములో నల్లబాఱెడివి. 1873లో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ వోగెల్ పలకకు కొన్ని రంగుల నద్దినచో ఇతర వర్ణములను గూడ గ్రహించునని కనిపెట్టెను. అయినను సర్వవర్ణములను చూడగల పలకలు వ్యాపించుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చినది. కంటికి కనబడని కళంకమును పలక చూపగా పెన్సిలు దానిని చెఱిపెడిది. అంతవఱకు మాకును సమ్మతమే.

రంగుల ఫిల్ము వచ్చిన తరువాత వేఱొక చిక్కు వచ్చినది. ఇరువదవ శతాబ్ది నడుమనుండి కొడాక్ సంస్థవారు, పటములు కడుగు ప్రయోగశాలలలో రంగులు సరిచూచుకొనుటకై, ఒక తెల్లజాతి యువతి పటమును పంపెడివారు. తొలి యువతి పేరునుబట్టి వానికి షర్లీ కార్డులని పేరు కలిగెను. ఆమె మేనిచాయ సరిగా వచ్చినచో సర్వము సరియైనట్లే లెక్క. తెల్లపిల్లలు, నల్లపిల్లలు ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చుండి తీయించుకొనిన పటములలో తెల్లవారి ముఖములు స్పష్టముగా వచ్చి, నల్లవారి ముఖములలో కన్నులు, పండ్లు తప్ప మఱేమియు తెలియకుండెడిది. తల్లులు మొఱపెట్టుకొనిరి. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో ఈ చరిత్రను వివరముగా ప్రకటించెను. చాకలెట్టు వర్తకులును, కఱ్ఱసామాను వర్తకులును తమ సరకులోని ముదురువన్నెల తేడాలు ఫిల్ములో తెలియుట లేదని ఫిర్యాదు చేసిన పిదపనే ఆ సంస్థలో కదలిక కలిగినట్లు ఆమె పరిశోధనలో తేలినది. బిడ్డ ముఖముకంటె బల్ల ఘనమైనదా యని మీరడుగవచ్చును. చదివినప్పుడు మేమును అట్లే అనుకొంటిమి. 1990ల దశాబ్దిలో వివిధవర్ణముల స్త్రీలను ఒకేచోట చూపు కార్డులు వచ్చినవి.

ఇక పటము తీయు విధానమును చెప్పెదము. నేర్పంతయు వెలుతురు నెఱుగుటలోనే యున్నది. దీపము ముఖమున కెదురుగా నున్నచో ముఖము పళ్లెమువలె చదునగును. దానిని సుమారు 45 డిగ్రీలు ప్రక్కకు జరిపి, కంటికంటె కొంచెము ఎత్తున నుంచినచో ముక్కునీడ చెక్కిలిపై వాలి, నీడవైపు కంటిక్రింద చిన్న త్రికోణపు వెలుగు నిలుచును. హాలెండు దేశపు చిత్రకారుడు రెంబ్రాంట్ పేర ఆ పద్ధతిని పిలుతురు. నీడవైపు మఱీ చీకటి కాకుండ తెల్లని అట్ట నొకదానిని నిలుపుదురు. కంటిపాపలో దీపపు ప్రతిబింబము చిన్న చుక్కగా మెఱయవలెను. అది లేని కన్ను ఎంత విశాలమైనదైనను జీవము లేనట్లుండును. మన ఇంట స్టూడియో దీపములు లేకున్నను, ఎండపడని ఉత్తరపు కిటికీ ప్రక్కను బిడ్డను కూర్చుండబెట్టి, రెండవప్రక్క ఉతికిన తెల్లపంచె నొకరిచే పట్టించినచో అదియే జరుగును. మేము మా చిన్నవానికి ఇట్లే తీసితిమి. పంచె పట్టుకొనిన మా ఇంటివారి వ్రేళ్లును పటములో పడినవి. ఆరుబయట మిట్టమధ్యాహ్నము తీసినచో కనుగుంటలలో నీడలు నిండును గాన సూర్యాస్తమయమునకు ముందటి గంటను ఎన్నుకొందురు. పచ్చిక దగ్గఱగా నున్నచో గడ్డముక్రింద పచ్చనిచాయ కొట్టును. చిలుకపచ్చ రవికయు అంత పనియే చేయును.

మఱియొక సంగతి దూరము. చేయి చాచి ఫోనుతో తీసికొనిన పటములో ముక్కు పెద్దదిగా కనబడుటకు ముక్కు కారణము కాదు. 12 అంగుళముల దూరమున తీసిన పటములో ముక్కు వెడల్పు 5 అడుగుల దూరమునుండి తీసినదానికంటె నూటికి సుమారు 30 పాళ్లు హెచ్చుగా తోచునని అమెరికా వైద్యులు 2018లో లెక్కకట్టి ప్రకటించిరి. అట్టి పటములు చూచుకొని ముక్కు కోయించుకొనుటకు వచ్చు యువతులకు ఈ లెక్క చూపవలసివచ్చినదట! కావున ఛాయాగ్రాహకుడు ఐదాఱడుగులు వెనుకకు నిలిచి, దూరమును దగ్గఱచేయు లెన్సుతో తీయును.

మన చాయగల ముఖములవిషయమున శ్రద్ధ యింకను కావలెను. కెమేరాలోని వెలుతురుకొలత ఎదుటి దృశ్యమంతయు సగటున నడిమి బూడిదవన్నె యని ఎంచి లెక్క కట్టును. వెనుక తెల్లగోడ యున్నచో ముఖమును నల్లబఱచును. చుట్టును చీకటి యున్నచో ముఖమును వెలవెలబఱచును. అందుచే తెలిసినవాడు కొలతను ముఖమువద్దనే తీసికొనును. చామనచాయ ముఖమునకు వెలుతురు కుమ్మరించినంతమాత్రమున అందము రాదు. దీపమును పెద్దదిగను మెత్తనిదిగను చేసి ప్రక్కనుండి జాఱవిడిచినచో, నల్లని చర్మము తన నిగనిగచేతనే చెక్కిలి యొంపును, నుదుటి గుండ్రదనమును చూపును. మన దేవాలయములలోని నల్లరాతి విగ్రహములను దీపము ప్రక్కనుండి చూచినవారికి ఈ మాట వేఱుగా చెప్పనక్కఱలేదు.

మా అక్కయ్య కూతురి నాటి ముచ్చటయు చెప్పదగినదే. ఒక్కొక్కరికి పదినిమిషములే గడువట. పీటపై కూర్చుండబెట్టి భుజములను ఒకవైపునకును, ముఖమును కెమేరావైపునకును త్రిప్పించినారు. గడ్డమును కొంచెము ముందునకు చాచి దించుమనినారు. చేయునప్పుడు తాబేలువలె తోచినను పటములో మెడ నిడుపుగా వచ్చును. కన్నులజోడు గల పిల్లలకు చెవికొమ్ములను ఒకింత పైకెత్తి అద్దములలో దీపము మెఱయకుండ చేసిరట. ఆ ఛాయాగ్రాహకురాలు నవ్వుమని ఒక్కసారియు అనలేదు. "ఈ ఉదయము ఏమి తింటివి?" అని అడిగినది. మాగాయయు పెరుగన్నము తింటినని చెప్పి, అది ఏమో వివరింపబోయి మా పిల్ల నవ్వినది. ఆ నవ్వే పటములో నున్నది. అందువలన తీసినవారియందు మాకు ఫిర్యాదు లేదు. నవ్వును అంత చక్కగా పట్టినది ఆమెయే.

తీసినపిదప పటము కంప్యూటరునకు పోవును. థామస్ నోల్, జాన్ నోల్ అను సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990లో వెలువడినది. అందు 2002లో చేరిన హీలింగ్ బ్రష్ అను పనిముట్టు, మచ్చ ప్రక్కనున్న చర్మపు నేతను ఎత్తుకొనివచ్చి, అచ్చటి వెలుగునకు తగినట్లు అతుకును. చినిగిన చీరకు అదే చీర కొంగునుండి పోగులు తీసి నేర్పుగా ఱఫ్ఫు చేయుటవంటిది. నిదానమైన పనివాడు ఇట్లు ఒక్కొక్క మొటిమను తీయును. కంటిక్రింది నలుపును పూర్తిగా చెఱుపక సగము తేలికచేయును. చెదరిన వెండ్రుకలు రెండు తీసి నాలుగు ఉంచును. సోమరి పనివాడు చర్మమంతటికి ఒకేసారి మసక పట్టించును. అప్పుడు రోమకూపములు పోయి ముఖము మైనపుబొమ్మ యగును. ఇప్పుడు కొన్ని స్టూడియోలలో వందలకొలది ముఖములను యంత్రమునకే విడిచిపెట్టుచున్నారు. నిన్నటి మొటిమకును పుట్టుకతో వచ్చిన మచ్చకును గల తేడా యంత్రమున కెట్లు తెలియును? ఈ వృత్తిలోని మంచివారు పాటించు కట్టుబా టొకటి కలదు. కొలది దినములలో తనంత తాను పోవుదానిని తీయవచ్చును. పుట్టుమచ్చ, గాటు, పంటిసందు, దేహచ్ఛాయ ఇట్టి పోనివానిని, ఆ ముఖము గలవారిని అడుగక తాకరాదు. ఆ ముఖము గలవారిని అనుచున్నాము, సొమ్మిచ్చువారిని కాదు. మా అక్కయ్య పొరపాటంతయు అందే యున్నది.

అడుగకుండ దిద్దిన దోషము ముఖముతోనే ఆగదు. 2021లో ఫ్లారిడా రాష్ట్రములోని ఒక హైస్కూలువారు ఇయర్‌బుక్‌లో 80 మంది బాలికల పటములను, వారికి గాని తల్లిదండ్రులకు గాని చెప్పకుండ, ఱొమ్ముభాగము కప్పబడునట్లు మార్చి అచ్చువేసిరి. అతుకులు మోటుగా నుండి, రవికలకు లేని గుడ్డముక్కలు మొలచినవి. ఈతకొట్టు బాలుర పటములు మాత్రము చడ్డీలతో ఉన్నవి ఉన్నట్లే యుండెను. బాలికలును తల్లులును గట్టిగా అడుగగా, పుస్తకము తిరిగి యిచ్చినవారికి సొమ్ము వాపసు చేయుదుమనిరి. వస్త్రధారణ గుఱించి మా అభిప్రాయములు పాతవే. అయినను ఆ పిల్లలు చెప్పినది మాకు న్యాయముగానే తోచినది. మందలింపవలసినయెడల పటము తీయునాడు మందలింపవచ్చును. నలుగురి చేతికి పోవు పుస్తకములో వారి దేహమును వారెఱుగకుండ దిద్దుట తగదు.

ఒకరిని ఆక్షేపించుటకు మనకు మాత్రము ఏమి యర్హత కలదు? మన హైదరాబాదునందే 1892లో లాలా దీన్‌దయాళ్ ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా జెనానా స్టూడియోను స్థాపించి, అందు పటములు తీయు పనిని ఒక ఆంగ్లేయ స్త్రీకి అప్పగించెను. పరపురుషుని కంట పడకుండ పటము తీయించుకొనవలసిన కాలమది. నేడు పెండ్లిసంబంధములకై మన పిల్లల పటములు ఎవరెవరి ఫోనులకో పోవుచున్నవి. పోవుటకు ముందు స్టూడియోకు వెళ్లి "కొంచెము రంగు తేల్చండి" అని తల్లియే చెప్పుచున్నది. మా పెండ్లికి ముందు తీసిన పటములో మేము పాలవంటి ఛాయతో నున్నాము. పెండ్లిచూపులనాడు మా అత్తగారు పటము చేతబట్టుకొని మమ్ము రెండుసారులు చూచిన చూపు మేమింకను మఱువలేదు. ఆమె ఏమియు అనలేదు. పటము మాత్రము మడిచి సంచిలో పెట్టిరి.

నలోపాఖ్యానమును మన స్త్రీలెల్లరు ఎఱుగుదురు. ఒకే రూపున కూర్చున్న ఐదుగురిలో దమయంతి నలుని ఎట్లు గుర్తించెను? నలుగురికి చెమట లేదు, ఱెప్పపాటు లేదు, నీడ లేదు, ధూళి లేదు, పూదండ వాడలేదు. ఐదవవానికి ఇవన్నియు కలవు. వానిని చూచియే ఆమె దండ వేసినది. సంపూర్ణపు టచింగు ఆ నలుగురివంటి పటములనే తయారుచేయుచున్నది. తరువాతి కథ మాకు మఱింత దగ్గఱిది. భర్తను బాసి చేదిదేశమున రాజమాత చెంత సైరంధ్రియై యుండిన దమయంతిని సుదేవుడను బ్రాహ్మణుడు కనుబొమల నడిమి పుట్టుమచ్చనుబట్టి పోల్చుకొనెను. మచ్చపై మాలిన్యము కప్పియుండగా రాచకన్నె సునంద దానిని తుడిచినది. మచ్చ బయటపడగానే రాజమాత ఆమెను తన తోబుట్టువు కూతురుగా గుర్తించి కన్నీరు విడిచెను. మేమును మా పిల్లకు పినతల్లిమే గాన ఆ ఘట్టము పదేపదే జ్ఞప్తికి వచ్చినది.

గాజుపలకపై కత్తి గీసినది మఱల రాదంటిమి గదా. కంప్యూటరు పనిలో ఆ భయము లేదు. మొదట తీసిన మూలము చెక్కుచెదరక వేఱుగా నుండును. మా ప్రోద్బలమున అక్కయ్య స్టూడియోకు ఫోను చేసి సంగతి చెప్పినది. వారు మర్యాదగానే విని, నుదుటిమీది మొటిమలు నాలుగింటిని మాత్రము తీసి, మచ్చను, గాటును, ఛాయను ఉన్నవి ఉన్నట్లుంచి క్రొత్త ప్రతులు పంపిరి. కాని మొదటి పటము అప్పటికే పాఠశాలకు చేరి, ఇయర్‌బుక్ పుటలు అచ్చునకు వెళ్లిపోయినవి. ఈ యేడు మే మాసములో పుస్తకము వచ్చినప్పుడు అందు తెల్లని పటమే యుండెను. మా పిల్ల నల్ల కలముతో తన పటమున ఎడమకంటి క్రింద ఒక చుక్క పెట్టుకొన్నది. స్నేహితులు తమ పుస్తకములలో సంతకము చేయుమని ఇచ్చినప్పుడును, ముందు వారి పుస్తకములోని తన పటమునకు చుక్క పెట్టి, పిదప సంతకము చేసినదట. తల్లీకూతుండ్రు ఇప్పుడు మాటలాడుకొనుచున్నారు. మా అమ్మగారు మాత్రము తెల్లనిదే బాగున్నదని యింకను వాదింతురు. దానిని తమ పెట్టెలో దాచుకొన్నారు. రెండవది మా ముందుగదిలో గోడకున్నది.

ఇట్టి పటము తీయింపబోవు తల్లులు పత్రముమీద గుర్తు పెట్టుటకు ముందు బిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఏది తీయవచ్చునో ఏది తీయరాదో బిడ్డనే అడుగుడు. కొందఱు పిల్లలు మచ్చ తీసివేయుమనియే అందురు. అదియు వారి యిష్టమే. తీయరానివానిని పత్రముపై మాటలలో వ్రాయుడు. కొలదిగా అను తరగతి సాధారణముగా చాలును. ఇయర్‌బుక్‌కు పోవు ప్రతిని ముందుగా చూపుమని, ఎన్నవ తేదీలోపల మార్చవచ్చునో చెప్పుమని అడుగుడు. మా వారికి తప్పిపోయిన దదియే. దిద్దని మూలప్రతి యొకటి కూడ అడిగి పుచ్చుకొని రెండుచోట్ల దాచుడు. గోడకు కట్టు పటముపై ఎండ నేరుగా పడనీయకుడు. వెనుక బిడ్డ పేరును, సంవత్సరమును, ఊరిని మెత్తని పెన్సిలుతో నొక్కక వ్రాయుడు. సిరాతో వ్రాసినచో కొన్నాళ్లకు ముందువైపు ముఖముమీదికి దిగును.